రెండు వేళ్ల వదులు

కర్సీనా కుర్చీని కళ్లతో చూసి ఒప్పుకునే మనిషి కాదు, చెవులతో విని ఒప్పుకుంటుంది. అల్లి, ఆరబెట్టి, గోడవారగా నిలబెట్టిన పేము కుర్చీల ముందు వంగి, కుడిచేతి నడిమి వేలు మడిచి సీటు మధ్యన రెండుసార్లు కొడుతుంది. డప్పులా టంగుమంటే తలూపి పక్కదాని దగ్గరికి పోతుంది. మొద్దుగా పలికిందా, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఎర్ర సుద్దముక్క బయటికొస్తుంది. సీటు ముందు కర్ర మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. గుర్తు పడ్డ కుర్చీ వెనకగోడ దగ్గరికి పోవాలి. దాన్ని అల్లినవాళ్లే సీటు కోసి, విప్పి, మళ్లీ మొదట్నుంచీ అల్లాలి. తెగల్‌జాతి ఊళ్లో హాజీ మస్దుకి అనే ఆయన పేము కార్ఖానా పెట్టిన నాటి నుంచీ పద్ధతి ఇదే, ఆ వేలు కర్సీనాదే.

ఆ బుధవారం ఉదయం ఎనిమిది కుర్చీలు కొట్టి చూస్తే అయిదింటికి గుర్తు పడింది. అయిదూ దస్కిని అల్లినవే.

“మళ్లీనా అక్కా?” అంది దస్కిని. నీళ్లతొట్టికి కాస్త ఎడంగా తన చాప మీద గొంతుక్కూర్చుని, నానిన పేము నారను రెండు వేళ్ల మధ్య సాగదీస్తోంది.

“మళ్లీనా అని నన్నడుగుతావేం? నీ చేతుల్నడుగు.”

“అడిగాను. బాగానే అల్లామంటున్నాయి.”

పని చేసుకుంటున్న మిగతా ముగ్గురూ నవ్వారు. ముగ్గురిలోకీ నోరున్న వస్తియా, “దాని చేతులిక్కడ, మనసు ఇంట్లో పొయ్యి దగ్గర. మధ్యలో అంత దూరముంటే అల్లిక వదులు కాక ఏమవుతుంది?” అంది.

కర్సీనా నవ్వలేదు. పోయి దస్కిని తల మీదుగా చూరు కిందికి చూసింది. తీగ మీద నార వేలాడుతోంది. నారను నీళ్లలోంచి తీసింది తీసినట్టే, నీళ్లు కారుతుండగానే అల్లాలి. ఆరేకొద్దీ అది బిగుసుకుని సీటును లాగి పట్టుకుంటుంది. ఈ పిల్ల మాత్రం తీగ మీద వేసి, చుక్కలు ఆగేదాకా చూసి, ఒక్కో పోగూ చెంపకు ఆనించుకుని అప్పుడు అల్లుతుంది. పిల్లంటే ముప్పై నాలుగేళ్లు. అయినా తన దగ్గర నేర్చుకున్నవాళ్లంతా కర్సీనా లెక్కలో పిల్లలే.

“బట్టలు ఆరేస్తున్నావా, కుర్చీ అల్లుతున్నావా?” అంటూ చేతిలోని టేకు చెక్కను తిప్పి దస్కిని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. అల్లికను ఒత్తి దగ్గరికి జరపడానికి వాడే మూరెడు చెక్క అది. నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్ల మణికట్టు మీద దాంతో కొట్టడం అక్కడ మామూలే. కర్సీనా కూడా తన వంతు తిన్న మనిషే. కాకపోతే దస్కిని వచ్చి తొమ్మిదేళ్లయింది, ఇంకా తింటూనే ఉంది.

ఆ షెడ్డులో ఎవరి చోటు వాళ్లకుంది. కిటికీ కింద, గాలీ వెలుతురూ వచ్చే చాప కర్సీనాది. తొట్టిని ఆనుకుని ఎప్పుడూ తడిగా ఉండే చాప కొత్తగా నేర్చుకునేవాళ్లది. నేర్చుకునేవాళ్లకు సగం కూలి, పనివాళ్ల లెక్కలో వాళ్లు రారు. ఇప్పుడు కొత్తవాళ్లెవరూ లేరు గనక ఆ చాప మీద కత్తులూ దబ్బనాలూ పడున్నాయి.

మధ్యాహ్నం మసీదులో అజాన్ మొదలవగానే దస్కిని చేతిలో పోగును పక్కన పెట్టి, తలగుడ్డ సర్దుకుని, గబగబా బయటికి నడిచింది. రోజూ అంతే. ఆమె అత్త తార్వి అవ్వకు రెండేళ్ల కింద బావి దగ్గర జారిపడి తుంటి విరిగింది. ఒకళ్లు ఎత్తితే గాని లేవలేదు. దస్కిని మొగుడు పడవ మీద పనికి పోతే నెలకోసారి వస్తాడు. ఇల్లు అయిదు నిమిషాల నడక గనక దస్కిని మధ్యాహ్నం పోయి, అవ్వను ఎత్తి, కడిగి, నాలుగు ముద్దలు తినిపించి వస్తుంది.

ఆమె అటు వెళ్లగానే హాజీ మస్దుకి మోటారుసైకిలు ఇటు వచ్చి ఆగింది. హాజీ లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు. దిగడానికే రెండు నిమిషాలు పట్టింది.

“కర్సీనా, ఓడరేవు కంపెనీ వాళ్లు ఆర్డరు కోసేశారు. వచ్చే నెల నుంచి పేము సీట్లకు నలుగురు చాలు. ఒకరిని పెద్దరోడ్డు షెడ్డుకు పంపాలి.”

చాపల మీద చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. పెద్దరోడ్డు షెడ్డు హాజీ బావమరిదిది. అక్కడ అల్యూమినియం చట్రాలకు ప్లాస్టిక్ రిబ్బను చుడతారు. పదకొండు కిలోమీటర్లు. తెల్లవారకముందే వ్యాను ఎక్కితే పొద్దుగుంకాకే దిగడం, మధ్యలో ఇంటికి రావడం కుదరదు.

“ఎవర్ని పంపమంటారు?”

“నన్నడిగితే? అల్లిక సంగతి నీకు తెలిసినంత నాకు తెలుసా? నీ సుద్దముక్క ఎవర్ని చూపిస్తే వాళ్లే. శనివారానికి పేరు చెప్పు, చాలు.”

కర్సీనా వెనకగోడ వైపు చూసింది. ఎర్రగుర్తులతో అయిదు కుర్చీలు అక్కడ నిలబడి ఉన్నాయి. పేరు నోటిదాకా వచ్చింది, శనివారం దాకా టైముంది కదా అని మింగేసింది. ఆమెకు దస్కిని మీద కోపమేమీ లేదు. ఇంట్లో కష్టం ఎవరికి లేదు, దాన్ని అల్లికలోకి తేకూడదు, అంతే అనుకుంది.

ఆ సాయంత్రమే వచ్చింది ఆవిడ. అద్దాల కారులో, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, అరవై దాటిన మనిషి. పేరు నినింగ్ అట, బాండుంగ్ నుంచి అట, ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ వేసుకోవడానికి నాలుగు కుర్చీలు కావాలట. ఇక్కడిదాకా వచ్చేది ఓడరేవు కంపెనీల మనుషులే. వాళ్లు టేపు పెట్టి కొలుస్తారు, కర్సీనాలాగే వేలితో కొడతారు, సంతకం పెట్టి పోతారు. ఈవిడ చెప్పులు గుమ్మంలో విడిచి, చేతిసంచీ నేల మీద పెట్టి, మొదటి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

వస్తియా మోచేత్తో పక్కావిణ్ణి పొడిచింది. “నిద్రపోతుందా ఏంటి?”

నిద్ర కాదు. ఏదో కూనిరాగం తీస్తోంది. ఒక పాట అయ్యేంతసేపు కూర్చుని లేచి రెండో దాంట్లో కూర్చుంది. మూడోది కర్సీనా అల్లినది, ఆ వారం మొత్తానికి బాగా పలికింది. దాంట్లో పాట సగంలోనే ఆపేసి, కాస్త ముందుకు జారినట్టయి, తొడల కింద చేతులు పెట్టుకుని లేచింది. ఆ వరస అంతా అయిపోయాక వెనకగోడ దగ్గరికి పోయి, ఎర్రగుర్తున్న వాటిల్లో ఒకదాన్ని తనే ఇవతలికి లాక్కుని కూర్చుంది. పాట అయిపోయింది. ఇంకోటి మొదలుపెట్టింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఇలాంటివి నాలుగు కావాలి,” అంది కళ్లు తెరవకుండానే.

“అవి తప్పు కుర్చీలమ్మా. విప్పేయడానికి పెట్టాం.”

“తప్పేముంది వీటిల్లో?”

“వదులు.”

“వదులైతే ఏమవుతుంది?”

కార్ఖానాకు వచ్చిన ఇరవై ఆరేళ్లలో కర్సీనాను ఆ మాట అడిగినవాళ్లు లేరు. “వదులైతే... వదులే కదమ్మా,” అంది. వస్తియా నవ్వాపుకోలేక మూతికి తలగుడ్డ అడ్డం పెట్టుకుంది.

“కోపం తెచ్చుకోకండి. తెలియక అడుగుతున్నాను,” అంది నినింగ్. “మీ ఇంట్లో మీరు ఎలాంటి కుర్చీ వాడతారు?”

“మాకు చాప.”

“మీరల్లిన వాటిల్లో ఎప్పుడూ కూర్చోలేదా?”

“అయ్యో, అమ్ముడుపోకుండా అల్లినవాళ్లు కూర్చుంటే ఆ కుర్చీ ఇంక గుమ్మం దాటదమ్మా! కీడు!” అంది వస్తియా ముందుకొచ్చి. “కొనేవాళ్లు కూర్చోవచ్చు. మేం కూర్చోకూడదు.”

“మరి బాగా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?”

కర్సీనా తన కుర్చీ దగ్గరికి పోయి వేలితో కొట్టింది. టంగుమంది. ఆ చప్పుడు ఆమెకెప్పుడూ ఇష్టమే.

నినింగ్ శ్రద్ధగా వింది. “చప్పుడు బాగుంది. కానీ నేను చెవులతో కూర్చోను కదా,” అంది. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే కర్సీనాకు అది ముల్లులా దిగింది. “చెరిబొన్‌లో మా చెల్లెలింట్లో ఉంటాను. శనివారం తిరిగి వెళ్తూ వస్తా. అప్పటిదాకా ఈ అయిదూ విప్పకండి.”

మర్నాడు గురువారం కర్సీనాకు కొత్త జబ్బు పట్టుకుంది. ఎక్కడ ఎవరు కూర్చున్నా వాళ్ల మొహం మానేసి తొడలు చూడటం మొదలుపెట్టింది. టేకాకులో చుట్టిన అన్నం అమ్మే బండి దగ్గర బెంచీ మీద మగాళ్లు తింటూ తింటూ ఒక తొడ మీంచి ఇంకో తొడ మీదికి ఎందుకు జరుగుతున్నారు? ఆరోగ్య కేంద్రంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న గర్భిణి పావుగంట కాకుండానే కాళ్లెందుకు ఆడిస్తోంది? మంగలి కుర్చీలో కూర్చున్న పెద్దాయన మాత్రం కదలడేం? మంగలి అటు తిరిగినప్పుడు ఆ కుర్చీ సీటును బొటనవేలితో ఒత్తి చూసింది. ఒత్తితే దిగింది.

“ఏం వదినా, క్షవరమా?” అన్నాడు మంగలి.

“నీ నాలుక్కి,” అని వచ్చేసింది.

షెడ్డుకు చేరాక తన కుర్చీల వైపు చూస్తూనే గడిపింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. పోగు కిందికి, పోగు పైకి, చెక్కతో ఒత్తు, లాగు. లాగేటప్పుడు పళ్లు బిగుసుకోవడం ఆమె మొదటిసారి గమనించింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కర్సీనా దస్కిని ఇంటివైపు నడిచింది. పేరు దస్కినిదే, అందులో మార్పు లేదు. అయితే ఆ మాట హాజీ నోట వినడం కంటే తన నోట వినడం న్యాయం అనిపించింది. చేతిలో అరటిపళ్ల అత్తం ఒకటి పట్టుకుంది. ఉద్యోగం మార్చేసే మాటకు అరటిపళ్లేమిటని దారిలో తనకే సిగ్గేసింది గానీ పారేయలేక తీసుకుపోయింది.

గుమ్మంలోనే తార్వి అవ్వ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చేట, చేటలో చిన్న ఉల్లిపాయలు, పక్కన బస్తా. వ్యాపారి ఇచ్చిపోతాడు, ఆమె పొట్టు తీసి ఇస్తుంది. రెండేళ్లుగా పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా ఆ కుర్చీలోనే ఆ పని. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, అవి ఉల్లిపాయలవే.

“ఎవరూ, కర్సీనాయా? ఎర్రసుద్ద మాయింటి దాకా వచ్చిందేం? నా మీద కూడా గుర్తు పెడతావా?” అంది అవ్వ.

“నీకేం గుర్తు అవ్వా, నువ్వు గట్టిగానే పలుకుతున్నావుగా.”

“నోరొక్కటే గట్టి. దస్కినీ! నన్ను దింపవే. ఇంటికొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెడతామా?”

కర్సీనా వద్దంటున్నా వినలేదు. దస్కిని వంగి, అవ్వ చేతుల్ని తన మెడ చుట్టూ వేసుకుని, ఒక్క ఊపులో లేపి చాప మీదికి దించింది. ఎన్ని వందల సార్లు చేసిందో, అవ్వ మూలగను కూడా లేదు. తర్వాత తలగుడ్డ కొసతో సీటు మీది ఉల్లిపొట్టు దులిపి, “కూర్చో అక్కా,” అంది. “ఇది అమ్మకానిది కాదులే, కీడేం లేదు.”

కర్సీనా కూర్చుంది.

మొదట భయమేసింది. ఒళ్లు కిందికి పోతోంది, పడిపోతున్నాననుకుని కుర్చీ చేతుల్ని పట్టుకుంది. రెండు వేళ్ల లోతు దిగి, అక్కడ ఆగింది. ఎవరో అరచేతులు చాచి పట్టుకున్నట్టు ఆగింది. నడుము తనంతట తనే వెనక్కి వాలింది. మోకాళ్ల వెనక ఏమీ తగల్లేదు. ఏమీ తగలకపోవడమే ఆమెకు వింతగా ఉంది. సీటు పక్కల చెయ్యి పోనిచ్చి అల్లికను తడిమి చూసింది. ముడి ముడీ తను నేర్పిందే, అల్లికలో తప్పు లేదు, ఒక్క పోగు పైకి లేవలేదు. ఉన్నదల్లా ఆ వదులే.

“టీ తాగుతావా అక్కా?” దస్కిని అడిగింది. కర్సీనా వినిపించుకోలేదు.

“ముందు ఇలా లేదు,” అంది చాప మీంచి అవ్వ. ఉల్లిపాయ పొట్టు తీస్తూనే ఉంది. “పడ్డ కొత్తలో దస్కిని మీ కార్ఖానాలో పారేసిన చట్రం ఒకటి తెచ్చి అల్లింది. నీ అల్లిక. కొడితే టంగుమనేది. వీధిలో పోయేవాళ్లంతా బాగుంది బాగుంది అన్నారు. మూడు వారాలు కూర్చున్నా. ఇక్కడ పుండు పడింది.” చెయ్యి వెనక్కి పోనిచ్చి చూపించింది. “కాళ్లు నావి కాకుండా పోయాయి. అప్పుడు విప్పింది. మళ్లీ అల్లింది. మరీ వదులైంది, గుంటలో పడ్డట్టుంది. మళ్లీ విప్పింది.”

“ఏడుసార్లు,” అంది దస్కిని.

“ఏడుసార్లు. నన్ను కూర్చోబెట్టడం, ఎలా ఉందత్తా అనడం. విసుగొచ్చి బాగుందంటే నమ్మేది కాదు. ఏడోసారి నేను ఏమీ అనలేదు. నిద్రపోయా.”

కర్సీనా దస్కిని వైపు తిరిగింది. “ఎలా తెలుస్తుంది? ఎంత వదలాలో?”

దస్కిని మూలనున్న చెక్క తెచ్చి సీటు మీద ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు అడ్డంగా పెట్టింది. కర్సీనా లేచి నిలబడింది. “నడిమధ్య గుప్పిటితో ఒత్తాలి. ఒత్తితే చెక్కకూ అల్లికకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. మూడు పడితే గుంట, ఒకటే పడితే బండ. నార చెంపకు చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అలా ఉన్నప్పుడు అల్లితేనే ఆరాక అంత దగ్గర ఆగుతుంది.”

“ఇదంతా నాకెందుకు చెప్పలేదే?”

దస్కిని చెక్కను తీసి మూల పెట్టింది. “చెప్పాను అక్కా. పోయిన ఏడాది ఉపవాసాలకు ముందు. సీటు మీద వేళ్లు పెట్టి చూపించబోయాను కూడా. నువ్వు చెక్కతో ఒకటిచ్చి, గురువుకే నేర్పుతావా అన్నావ్. అందరూ నవ్వారు.”

కర్సీనాకు ఆ సంగతి గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. అరటిపళ్లు చేటలో పెట్టి, వచ్చిన పని చెప్పకుండానే ఇంటికి పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్లంతా మసీదుకు పోతారు, ఆడవాళ్లు అన్నాలకు ఇళ్లకు పోతారు. షెడ్డులో ఎవరూ ఉండరు. కర్సీనా తలనొప్పి అని చెప్పి ఉండిపోయింది. నినింగ్ సగం పాటకే లేచిపోయిన కుర్చీని నడిమికి లాగింది. తలుపు వైపు ఒకసారి చూసి, బిస్మిల్లా అనుకుని దాంట్లో కూర్చుంది.

కీడు రాలేదు. బండ మీద కూర్చున్నట్టుంది. మైకులో ఇమాం గారు ప్రసంగం మొదలుపెట్టారు. అది అయ్యేదాకా లేవకూడదని పందెం వేసుకుంది. కాసేపటికి ముందుకు జారింది. వెనక్కి జరిగి కూర్చుంది, మళ్లీ జారింది. ముందు కర్ర మోకాళ్ల వెనక కోస్తోంది. కుడికాలి బొటనవేలు మొద్దుబారింది, ఆ తర్వాత ఎడమది. ప్రసంగం ఇంకా సగం కూడా కాలేదు. మంగలి దగ్గర పెద్దాయనలా కాక ఆరోగ్య కేంద్రంలో గర్భిణిలా కాళ్లాడిస్తున్నానని తెలుసుకుని ఆమెకు నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది.

ఇరవై ఆరేళ్లు. ఎవరెవరి ఇళ్లకో, ఏయే దేశాలకో పోయాయి ఈ సీట్లు. వాటిల్లో కూర్చున్నవాళ్లు ఏమనుకున్నారు? నాలుగు రోజులు చూసి, ఓ మూల జరిపి, మీద బట్టలు వేసుకుని ఉంటారు. కుర్చీ చూడ్డానికి ఎంత బాగుందో అని వచ్చినవాళ్లకు చూపించి, తాము పోయి సోఫాలో కూర్చుని ఉంటారు. ఆమెకు ఒక్కరూ వచ్చి చెప్పలేదు. చెప్పవచ్చిన ఒక్క మనిషినీ తనే కొట్టింది. ఆ మనిషి చేత ఇన్నాళ్లూ మంచి కుర్చీలు విప్పించి చెడ్డ కుర్చీలు అల్లించింది. కర్సీనా లేచేసరికి రెండు కాళ్లూ తిమ్మిరెక్కి, గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ప్రసంగం ఇంకా అవలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికే నినింగ్ కారు వచ్చింది. దాని వెనకే హాజీ మోటారుసైకిలు. అందరూ చాపల మీదే ఉన్నారు. దస్కిని తల వంచుకుని అల్లుతోంది. పెద్దరోడ్డు షెడ్డు సంగతి వస్తియా ఆమె చెవిన వేసినట్టుంది, రాత్రంతా నిద్రలేని కళ్లు.

“ఏమ్మా, ఏవి నచ్చాయి?” అన్నాడు హాజీ.

“మొన్న చెప్పినవే,” అంటూ నినింగ్ వెనకగోడ వైపు వేలు చూపించింది.

“అబ్బే, అవి వద్దులెండి. మంచివి చూపిస్తారు. కర్సీనా!”

కర్సీనా కిటికీ కింది నుంచి లేచింది. తన కుర్చీని అందరి మధ్యకూ లాగి, వాళ్లంతా చూస్తుండగా దాంట్లో కూర్చుంది.

“యా అల్లా!” అని వస్తియా దబ్బనం జారవిడిచింది.

“లే! లే! నీకేమైనా మతి పోయిందా? అమ్ముడుపోని కుర్చీ!” అన్నాడు హాజీ.

“నిన్న కూడా కూర్చున్నాను హాజీ గారూ. మసీదులో ప్రసంగం సగం కాకుండానే కాళ్లు చచ్చిపోయాయి. ఇది నేనల్లిందే. ఈ వారం అన్నిటికంటే బాగా పలికింది కూడా ఇదే.” లేచి వెనకగోడ దగ్గరి నుంచి ఎర్రగుర్తు కుర్చీ ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. “ఇప్పుడు మీరు దీంట్లో కూర్చోండి. అమ్మగారు తీసుకుంటానన్నారు గనక ఇది అమ్ముడుపోయినట్టే, కీడు లేదు.”

హాజీ నినింగ్ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. లుంగీ సర్దుకుని, మోకాళ్లు పట్టుకుని, ముక్కుతూ కూర్చున్నాడు. రెండు వేళ్లు దిగాడు. అందరూ కాసేపయ్యాక లేస్తాడని చూశారు, ఆయన లేవలేదు.

“ఎవరల్లారిది?”

“దస్కిని. ఇన్నాళ్లూ నేను విప్పించినవి కూడా ఇలాంటివే.” కర్సీనా ఆ మాట గట్టిగా, చాపల మీద అందరికీ వినపడేలా అంది. “తప్పు దానిది కాదు, నాది.”

దస్కిని తలెత్తింది. చేతిలో పోగు ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

హాజీ గడ్డం గోక్కున్నాడు. “బాగానే ఉంది. కానీ ఓడరేవు వాళ్లు కూర్చోరు కర్సీనా. కొట్టి చూస్తారు.”

“వాళ్లకు కొట్టేవి వస్తియా వాళ్లల్లుతారు. కూర్చునేవాళ్లకు కూర్చునేవి అల్లుదాం.”

“మా చెల్లెలు కూడా ఆరు కావాలంది,” అంది నినింగ్. “ఈ ఎర్రగీతలు తుడవకండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి బాగుంటుంది.”

హాజీ ఒప్పుకున్నట్టు ఒక శబ్దం చేశాడు, కానీ వదల్లేదు. “సరే, మరి నేనడిగిన పేరు? నలుగురే అన్నాను కదా. ఎవరు పోతారు?”

“ఎవరూ పోరు. నలుగురే ఉన్నారు. వస్తియా, ఈ ఇద్దరూ, దస్కిని.”

“నువ్వో?”

“నేను నేర్చుకునేదాన్ని. నేర్చుకునేవాళ్లు సగం కూలి మనుషులు, లెక్కలోకి రారు. మీరు పెట్టిన పద్ధతే కదా.”

హాజీ నోరెళ్లబెట్టాడు. ఇరవై ఆరేళ్ల తర్వాత నేర్చుకోవడమేంటన్నాడు, జనం నవ్వుతారన్నాడు, చివరికి నీ ఇష్టమన్నాడు. కర్సీనా అప్పటికే కిటికీ కింద నుంచి తన కత్తీ చెక్కా తీసుకుని తొట్టి పక్కకు పోతోంది. తడిచాప మీద పడున్న దబ్బనాలు ఏరి పక్కన పెట్టి, దానిమీద గొంతుక్కూర్చుంది. చాప తడి బట్టలకు అంటింది. సుద్దముక్క నడుము సంచిలో ఉందని అప్పుడు గుర్తొచ్చి, తీసి దస్కిని చాప మీద పెట్టింది. దస్కిని దాన్ని ముట్టుకోలేదు.

కారూ మోటారుసైకిలూ వెళ్లిపోయాయి. కర్సీనా కొత్త చట్రం ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుంది. తొట్టిలోంచి నార తీసి, తీగ మీద వేసి, చుక్కలు ఆగేదాకా చూసింది. పోగును చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది, తడి అంటలేదు. పోగు కిందికి, పోగు పైకి. మొదటి వరస అయింది, రెండోది అయింది. మూడోదానికి పళ్లు బిగుసుకున్నాయి. ఇరవై ఆరేళ్ల అలవాటు వేళ్లలోంచి వచ్చి నారను లాగి పట్టుకుంది. వదలమని వేళ్లకు చెబుతూనే ఉంది, అవి వినడం లేదు.

“అక్కా, బిగిస్తున్నావ్,” అంది దస్కిని మెల్లగా.

“తెలుసు. చెక్క నీ దగ్గరుందిగా.”

“పోనీలే అక్కా.”

“పోనీలే అంటే వస్తుందా? నాకు అలా వచ్చిందా, నీకు వచ్చిందా?” కర్సీనా మణికట్టు ముందుకు చాచింది. “ఇయ్యి.”

షెడ్డంతా చేతులు ఆపి చూస్తోంది. దస్కిని చెక్క ఎత్తింది, ఆగింది, తర్వాత కొట్టింది. గట్టిగానే కొట్టింది. తొమ్మిదేళ్లవన్నీ ఒక్కదాంట్లోనే ఇచ్చిందని వస్తియా తర్వాత అందరికీ చెప్పింది. వేళ్ల మధ్య నార ఒక్క పిసరు జారింది.

మధ్యాహ్నపు అజాన్ వినపడేసరికి సీటు సగానికి వచ్చింది. దస్కిని ఇంటికి బయల్దేరుతూ ఆగి, చెక్కను ఆ అల్లిక మీద అడ్డంగా పెట్టి, మధ్యన గుప్పిటితో ఒత్తి, సందులో వేళ్లు పోనిచ్చి చూసింది.

“ఎన్ని?” అంది కర్సీనా.

“ఒకటే.”

“నువ్వెళ్లు, అవ్వ ఎదురుచూస్తుంటుంది,” అని కర్సీనా కత్తి అందుకుని, పొద్దున్నుంచీ అల్లింది విప్పడం మొదలుపెట్టింది.